తవుడుకి కొన్న పేరు

నన్ను తవుడుకి అమ్మారు. తిట్టు కాదిది, నా పుట్టుక సంగతి. నా ముందు పుట్టిన పిల్లలెవరూ మా అమ్మకు దక్కలేదు. అందుకని నేను పుట్టగానే నన్ను చేటలో పడుకోబెట్టి, పక్కింటి నారాయణమ్మకు అమ్మేసి, ఆవిడ ఇచ్చిన చేటెడు తవుడు పుచ్చుకుంది. అమ్ముడుపోయిన పిల్ల జోలికి చావు రాదని మా వైపు నమ్మకం. నేను బతికాను, తవిటమ్మనయ్యాను. మా జిల్లాలో తవుళ్ళు, తవిటమ్మలు, తవిటినాయుళ్ళు వీధికొకరుంటారు. ఆ పేరంటే మాకెవరికీ సిగ్గు లేదు.

సిగ్గుపడింది నన్ను కట్టుకున్న జగన్నాధం ఒక్కడే. పెళ్ళయిన కొత్తలో అతనికి కాలవల ఆఫీసులో అటెండరు ఉద్యోగం వచ్చింది. కాగితాల్లో భార్య పేరు తవిటమ్మ అని రాయించాడు. తర్వాత కొత్తవలస బదిలీ అయింది, అక్కడ పద్మకుమారి తగిలింది.

"పిలిస్తే నోరు తియ్యగా అవ్వాల. నీ పేరు పిలిస్తే గొంతులో పొట్టు అడ్డం పడతాది" అని నా మొహం మీదే అనేసి వెళ్ళిపోయాడు.

ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోయే రకాన్ని కాను. గరివిడి పక్కన మా నాన్న అసిరయ్య ఇంట్లోనే ఉండి, కూలికెళ్ళి, గోగునార తీసి బతికాను. ఇప్పటికీ ఎవరింట్లోనైనా పొట్టు చెరుగుతుంటే ఆ మాటే వినిపిస్తుంది.

ఆధార్ కార్డులు కొత్తగా తీసిన రోజుల్లో మిషను నా వేళ్ళు తీసుకోలేదు. నార తీసి తీసి గీతలన్నీ అరిగిపోయాయి. మళ్ళీ రమ్మన్నారు. వెళితే మళ్ళీ రమ్మన్నారు. విసుగెత్తి మానేశాను. మొన్నామధ్య ఆడవాళ్ళకు బస్సు ఊరికే అన్నారని సంబరంగా ఎక్కితే, కండక్టరు కార్డు చూపించమన్నాడు. లేదంటే టికెట్టు కొనమన్నాడు. టికెట్టు గొడవ కాదు. నువ్వు ఆడదానివేనా అన్నట్టు ఎగాదిగా చూశాడు, ఆ చూపుకి ఒళ్ళు మండి దిగిపోయాను. ఈసారి కార్డు తీసుకునే తీరాలనుకున్నాను.

ఇంత వయసులో కొత్తగా కార్డు అడిగితే మనిషి నిజమో కాదో విచారణ చేస్తారట. నా దగ్గరున్నది ఒక్క పాత రేషను కార్డు. అందులో జగన్నాధం పేరు, పక్కన భార్య తవిటమ్మ. వీఆర్వో గిరిబాబు మంచివాడే. ఆ కార్డు పట్టుకుని కొత్తవలసలో వాకబు చేశాడు. ఓ పొద్దున్న ఫోను పట్టుకుని మా గుమ్మంలోకొచ్చాడు.

"మామ్మా, నీ పెనిమిటి పింఛను కాగితాలు పంపారు. ఇందులో ఆలుమగల ఫొటో ఉన్నాది. ఈవిడెవరు?"

చూశాను. ఇద్దరూ కుర్చీల్లో దర్జాగా కూర్చున్నారు. అతని పక్కనున్న మొహం పద్మకుమారిది. కింద రాసిన పేరు నాది. తవిటమ్మ.

గిరిబాబే విడమరిచి చెప్పాడు. సర్కారు ఉద్యోగి మొదటి భార్య ఉండగా రెండో పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం ఊడుతుంది. అందుకని ఆవిణ్ణే తవిటమ్మని చేసి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు. ఆసుపత్రిలో ఆవిడే తవిటమ్మ, ఆఫీసులో ఆవిడే తవిటమ్మ. గొంతులో పొట్టు అడ్డం పడే పేరు అక్కడ మాత్రం బాగానే దిగింది! మొగుణ్ణి తీసుకుపోయినప్పుడు ఏడ్చాను. పేరు కూడా తీసుకుపోయారని తెలిసినప్పుడు ఏడుపు రాలేదు, పళ్ళు కొరుక్కున్నాను.

"సోమవారం తహసీల్దారు ఆఫీసులో విచారణ. ఆయన్ని కూడా రమ్మన్నారు" అని చెప్పి గిరిబాబు వెళ్ళాడు.

ఆదివారం మధ్యాహ్నానికే జగన్నాధం దిగాడు. చేతిలో కర్ర, ఇంకో చేతిలో చీర, అరటిపళ్ళు. కూర్చోమని నేననలేదు, అతనే అరుగు మీద కూలబడ్డాడు.

"తవిటీ, బాగున్నావేటే?"

"గొంతులో పొట్టు అడ్డం పళ్ళేదేటి మావా?"

తల దించుకున్నాడు. అసలు మాట బయటపెట్టాడు.

"నీకు కార్డే కదా కావాల? నాను సేయిస్తాను. అసిరమ్మ అని రాయించీసుకో. ఏ పేరైతే ఏటి, ముసలోళ్ళం! నువ్వు తవిటమ్మనంతే నా పింఛను పోతాది. నా తరవాత ఆవిడ రోడ్డున పడతాది."

"నాను ఇన్నాళ్ళూ ఏ మేడలో పడుకున్నానేటి?"

"తప్పైపోనాది. ఒప్పుకుంతన్నాను కదే."

అప్పుడు నాకు కోపం రాలేదు. కోపం ఏళ్ళ తరబడి దాచుకున్నదే ఉంది, కొత్తగా రావాల్సిన పని లేదు. నెమ్మదిగా అన్నాను: "సరే మావా. రేపు ఆవిణ్ణి కూడా తే. ఇద్దరం ఒకరినొకరం సూసుకుని, అధికారి ముందే తేల్సీసుకుందుము."

నేను ఒప్పుకున్నాననుకున్నాడు పిచ్చి మావ. చీర అక్కడ పెట్టి సంతోషంగా వెళ్ళాడు. ఆ చీర తీసుకెళ్ళి ఎదురింటివాళ్ళ దూడకి కప్పాను.

సోమవారం ఆఫీసు వరండాలో బల్లకు ఆ చివర వాళ్ళిద్దరూ, ఈ చివర నేను. పద్మకుమారి జుట్టూ నెరిసింది. నాకేమీ జాలి వెయ్యలేదు. లోపల్నించి బంట్రోతు కేకేశాడు.

"తవిటమ్మ!"

ఇద్దరం లేచాం.

వరండాలో వాళ్ళందరూ మావైపు చూశారు. పద్మకుమారి అలవాటు కొద్దీ లేచింది పాపం, లేచాక తెలిసింది ఎక్కడుందో. జగన్నాధం మొహంలో నెత్తురు చుక్క లేదు. ముగ్గుర్నీ లోపలికి రమ్మన్నారు.

బల్ల వెనక తహసీల్దారు అమ్మాయి, నాకు మనవరాలయ్యే ఈడు. ఫొటో చూసింది, మమ్మల్ని చూసింది.

"మీ ఇద్దరిలో తవిటమ్మ ఎవరు?"

జగన్నాధం నావైపు దండం పెట్టినంత పని చేశాడు. అసిరమ్మ అని చెప్పమని ఆ చూపు.

"ఆవిణ్ణే అడగండమ్మా" అన్నాను. "ఏటమ్మా, నిన్నెవరు కొన్నారు?"

పద్మకుమారి బిత్తరపోయింది. "కొనడమేటండి? నన్నెందుకు కొంతారు?"

తహసీల్దారు పెన్ను కింద పెట్టింది. "మా తాతగారి పేరు తవిటినాయుడు" అంది, నవ్వకుండా. "ఆయన్ని ఎవరింట్లో కొన్నారో మా ఇంట్లో పసిపిల్లనడిగినా చెబుతుంది."

అప్పుడు నేను తిరిగాను, జగన్నాధంవైపు. ఇన్నేళ్ళూ నేను ఎదురుచూసింది ఈ తిరుగుడు కోసమే.

"మావా, పెళ్ళిపీటల మీంచి నిన్ను లేపీసి, సేటతో తవుడు మోయించారు కదా. నన్ను కొన్నోళ్ళకి ఆ తవుడు తిరిగిస్తే గాని పిల్లనివ్వమన్నారు. ఎవరింటికి మోసినావు? సెప్పు. నా మొకం సూసి సెప్పు."

గుర్తు లేదని గొణిగాడు.

"అబద్ధం చెబితే అది వేరే కేసు" అంది తహసీల్దారు.

"నారాయణమ్మ ఇంటికండి" అన్నాడు.

"అయితే ఈమె ఎవరు?"

పద్మకుమారి ఏడ్చింది. "నా పేరు పద్మకుమారండి. ఆ పేరు నాకెప్పుడూ ఇష్టం లేదు, ఈయనే రాయించారు." ఇష్టం లేకుండానే ఇన్నేళ్ళు వాడిందన్నమాట. నేను ఇష్టంగా మోసిన పేరు.

తహసీల్దారు నా కాగితం మీద సంతకం చేసింది. పింఛను సంగతి పై ఆఫీసుకు రాయక తప్పదని వాళ్ళకు చెప్పింది.

ఆధార్ కౌంటరు ఆ ఆవరణలోనే ఉంది. బయటికి రాగానే జగన్నాధం నా వెంట పడ్డాడు.

"తవిటీ, ఒక్క పని సెయ్యి. కార్డులో జగన్నాధం భార్య అని రాయించు. నువ్వే నా పెళ్ళానివని, ఫొటో ఒకటే పొరపాటున మారిందని సెప్పుకుంతాను. ఆ ఒక్క మాట ఉంతే నాను బతుకుతాను."

"అలాగా" అన్నాను.

కౌంటరులో కుర్రాడు నా వేళ్ళు మిషను మీద పెట్టాడు. రాలేదు. తుడిచి మళ్ళీ పెట్టాడు, రాలేదు. కంగారు పడకండి, కళ్ళతో సరిపోతుందన్నాడు. కళ్ళు ఒక్కసారికే పట్టాయి. అంత కోపం ఉన్న కళ్ళు పట్టక ఏం చేస్తాయి!

"భర్త పేరు వెయ్యాలా మామ్మగారూ?"

జగన్నాధం కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. అతనికి బాగా వినపడాలని గొంతు పెంచాను.

"వద్దు నాయనా. అసిరయ్య కూతురని రాయి."

"ఒసే!" అన్నాడు కిటికీ అవతల. నేను తలతిప్పలేదు.

కుర్రాడు టైపు చేస్తూ ఆగాడు. "పేరు మళ్ళీ చెప్పండి, తప్పు పడకూడదు."

"తవిటమ్మ" అన్నాను. "తవుడులో త."