బందరు రేవులో చెంగల్వ

మా ఆఫీసులో ఏదైనా తప్పు మీద ఒకసారి టికెట్, అంటే ఫిర్యాదు, పడిందంటే అది ఊరికే పోదు. పొద్దున్నే టీమంతా గుండ్రంగా నిలబడి, ఒకరి తర్వాత ఒకరు దాని మీద మాట్లాడాలి. అది సాఫ్ట్‌వేర్‌లో తప్పా, నా నవల ఆఖరి అధ్యాయమా అన్నది ఎవరికీ పట్టదు.

అవును, నా నవలే. రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టే టెస్టర్ ఉద్యోగం నాది. కంప్యూటర్ తెర మీద ఒక పక్క కంపెనీ పని, ఇంకో పక్క మూడు వందల ఏళ్ల కిందటి బందరు రేవు. నిన్న సాయంత్రం ఆ హడావుడిలో టికెట్‌లో తప్పు వివరాలు పెట్టాల్సిన చోట సగం రాసిన ఆఖరి అధ్యాయం అతికించి పంపేశాను. టీమ్ మొత్తానికీ మెయిల్ వెళ్లిపోయింది.

దాని మీద చర్చ ఇవాళ. అదీ ఎలాంటి రోజున? ప్రచురణకర్త శ్యామ్ గారు పొద్దున్నే ఫోన్ చేశారు. ఈ సాయంత్రానికి ఆఖరి అధ్యాయం రాకపోతే పుస్తకం ఇక వెయ్యనని చెప్పేశారు. ఏళ్ల తరబడి రాసిన నవల. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మేనేజర్ శ్రీనివాసరావు గారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఉమాశ్రీ గారి టికెట్ అండి. చెంగల్వ అనే అమ్మాయి. వాళ్ల నాన్నది బట్టల అద్దకం. ఓడదొంగ మాణిక్యాన్ని ప్రేమించింది. తీసుకెళ్లడానికి పడవ వచ్చింది. అమ్మాయి ఇంకా రేవులోనే ఉంది. ఎవరు చూస్తారు?"

"పొరపాటున పడిందండి. మూసేయండి," అన్నాను.

"చర్చ లేకుండా మూయకూడదు కదండీ. ఆడిట్‌లో అడుగుతారు."

దినేష్ మా డెవలపర్. ఎవరు ఏ తప్పు చూపించినా ముందు తనది కాదంటాడు. "నేను చదివాను. పడవలో సమస్యేమీ లేదు," అన్నాడు. పడవ నువ్వు చేశావా నాయనా అని అడగబోయి ఆపుకున్నాను. మా టీమ్‌లోనే ఉన్న సంయుక్తకి మాణిక్యం ఇంటిపేరు కావాలట. దోపిడీలు మానేసి ఉద్యోగంలో చేరతాడా అని ఆమె పక్కనున్న జశ్వంత్ అడిగాడు.

"పెళ్లి చేసుకుని బందరులోనే ఉండిపోతే అందరికీ సుఖం కదండీ," అన్నారు శ్రీనివాసరావు గారు. కథ చెబితే మా అత్తగారూ అచ్చం ఇదే మాటన్నారు. ఈ ఊళ్లో ఓడదొంగకి కూడా పెళ్లిచూపులు తప్పవు.

నాకు ఓపిక అయిపోయింది. "ఇలా ఒక్కొక్కరూ అడ్డం పడితే ఆ పిల్ల పడవ ఎలా ఎక్కుతుందండీ? కథలోనూ అంతే, బయటా అంతే. ఎవరు కదలనిస్తారు?" అన్నాను గట్టిగానే.

అప్పటిదాకా మాట్లాడకుండా ఉన్న మమత నా వైపు తిరిగింది. మా ఇద్దరిదీ ఒకటే పని. సిద్దిపేట పిల్ల.

"అక్కా, ఒకటి చెప్తా, కోపం చెయ్యకు. ఆమె పడవ ఎక్కింది. అమ్మ పిలిచిందని దిగింది. మల్ల ఎక్కింది, చెల్లె పిలిచిందని దిగింది. తర్వాత పూజారి పిలిచిండని దిగింది. చెయ్యి పట్టి ఆపినోళ్లు ఒక్కలు లేరు. పిలిచిన్రు, గంతే. దిగింది ఆమెనే."

"పిలిస్తే పలకొద్దా మరి?"

"పలకాలె. పలికితే దిగాల్నని ఏముంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. మమత మీద కాదు. నవల ముగియకపోవడానికి ఇన్నాళ్లూ అత్తగారినీ, పిల్లల పరీక్షలనీ, శ్రీనివాసరావు గారు ఆఫీసుకి రప్పించే శనివారాలనీ తిట్టుకున్నాను. వాళ్లు పిలిచిన మాట నిజమే. పిలిచీ పిలవకముందే పేజీ వదిలేసి లేచింది నేను. చెంగల్వకి ఆ జబ్బు అంటించిందీ నేనే. సిగ్గేసింది.

ల్యాప్‌టాప్ తీసుకుని ఖాళీగా ఉన్న మీటింగ్ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. చెంగల్వని మళ్లీ పడవ ఎక్కించాను. పడవవాడు తెడ్డు వేశాడు. ఒడ్డు మీంచి తల్లి పిలిచింది. ఆ వాక్యం కొట్టేద్దామనుకుని ఆగిపోయాను. తల్లి అన్నాక పిలవదా?

"వినపడిందమ్మా," అంది చెంగల్వ. కూర్చున్న చోటు నుంచే అంది. పడవ సాగిపోయింది.

ఇంతలో శ్రీనివాసరావు గారు తలుపు తట్టారు. "ఉమాశ్రీ గారూ, ఒక్కసారి వస్తారా అండి?"

"ఉన్నానండీ," అని పలికాను. అధ్యాయం పూర్తిచేసి శ్యామ్ గారికి పంపేదాకా మాత్రం లేవలేదు.