రూబెన్ దున్న అయిన రోజు

నంద్యాలలో అడవిదున్నల సంఘం ఆఫీసు ఉంది. అందులో రూబెన్ టైపిస్టు. భారీ మనిషి, మెత్తని మనిషి, ఎవరి జోలికీ పోడు.

నల్లమలలో ఎప్పుడో కనబడకుండా పోయిన అడవిదున్నలను మళ్లీ తెచ్చి పెంచాలని ఆ సంఘం ముప్పై ఏళ్ల ప్రణాళిక రాస్తోంది. మొదట ఇరవై దున్నలు వస్తాయి, ముప్పై ఏళ్లకు మూడు వందలవుతాయి. అంతా బాగానే ఉంది గానీ, శాస్త్రవేత్త భానుప్రియ మేడంకు ఒక్క పేజీ మీద దిగులు పట్టుకుంది. లారీలోంచి దింపిన దున్న ఎటు పోతుంది? ప్రణాళికలో 'నేరుగా అడవిలోకి' అని ఉంది. ఒకసారి రిహార్సల్ వేసి చూద్దామంది మేడం. మరి దున్నగా ఎవరుండాలి? అందరూ కాసేపు ఫైళ్లు చూసుకున్నారు. తరవాత రూబెన్‌ను చూశారు.

"నేనా మేడం? నాకు మోకాళ్ల నొప్పులు!"

"రెండు కాళ్ల మీదే నడవండి. బరువైన ప్రాణి ఎట్లా దిగుతుందో తెలిస్తే చాలు."

బయటికి మొహం ముడుచుకున్నా రూబెన్‌కు లోపల సంతోషమే. చిన్నప్పుడు చర్చిలో ప్రతి క్రిస్మస్‌కూ ఆయనకు గొర్రె వేషమే ఇచ్చేవాళ్లు. దున్నంటే పదోన్నతి.

శనివారం పదకొండు గంటలకు ఆళ్లగడ్డ అవతల, అడవి అంచునున్న ఊరికి లారీ చేరింది. రూబెన్‌కు నల్ల కంబళి, నెత్తిన అట్టముక్కల కొమ్ములు, మోకాళ్ల దాకా తెల్ల సాక్సులు. అడవిదున్న కాళ్లు తెల్లగానే ఉంటాయని మేడం పట్టుబట్టింది. మేడం చెప్పినట్టే ఊరివాళ్లు చప్పుడు చేయకుండా నిలబడ్డారు. లారీ తలుపు తెరిచి, దిగేందుకు ఏటవాలుగా బల్ల వేశారు. రూబెన్ దిగాడు. బల్ల విరగలేదు. మేడం రాసుకుంది.

ఎదురుగా కిలోమీటరు మేర ఎండిన గడ్డి, ఆ వెనక అడవి. కుడిపక్క శనగచేను, దానవతల వేపచెట్టు, నీళ్ల తొట్టి. రూబెన్ మనస్ఫూర్తిగా అడవివైపు పది అడుగులు వేశాడు. కంబళిలో చెమట కారి సాక్సుల్లోకి దిగింది. నాలుక పిడచకట్టింది. కాళ్లు వాటంతటవే కుడికి తిరిగాయి.

"అటు కాదు రూబెన్ గారూ! అడవి! అడవి!" మేడం మైకులో అరిచింది.

దున్నకు మైకు అర్థం కాదు గదా అనుకుని రూబెన్ నడక పెంచాడు.

ఆ చేను రామసుబ్బమ్మది. రిహార్సల్ అయినా చేను చేనే. ఆమె కట్టె పట్టుకుని అడ్డమొచ్చింది.

"యాడికప్పా పోతాండావ్? శనగ తొక్కుతావా?"

"నేను దున్ననమ్మా," అన్నాడు రూబెన్.

"దున్నవైతే మాట్లాడాకు. మనిషివైతే గట్టుమీద నడువు!"

రూబెన్ ఒక్క క్షణం ఆలోచించి, మాట్లాడకుండా గట్టుమీద నడిచాడు. తొట్టిలో మొహం ముంచి తాగాడు. అక్కడున్న రామసుబ్బమ్మ పాడి ఎనుము ఆయన సాక్సు వాసన చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. రూబెన్ వేపనీడలో చతికిలబడ్డాడు. అంతసేపూ బిగబట్టుకున్న ఊరు ఊరంతా పగలబడి నవ్వింది.

మేడం రొప్పుతూ వచ్చింది. "ప్లానంతా చెడగొట్టారు గదండీ!"

రూబెన్ చిన్నబుచ్చుకున్నాడు. "నేను చెడగొట్టల్యా మేడం. నీళ్లు ఈడుండాయి, నీడ ఈడుంది. ఆడ ఏముంది?"

"ఆయప్ప చెప్పేది నిజమే," అంది రామసుబ్బమ్మ. "నా ఎనుముల్ని ఆడ ఇడిస్తే బేగా ఈడికే వస్తాయి. దున్నలు నీ కాగితం చదివి పోతాయా ఏందీ? ముందు ఆడ కుంటలు తవ్వించు తల్లీ."

మేడం ఆ ఎండిన గడ్డివైపు ఒకసారి చూసింది. తరవాత తొట్టి అంచున కూర్చుని పేజీ మొత్తం కొట్టేసింది.

"ఎన్ని కుంటలు కావాలి రూబెన్ గారూ?"

"నాలుగన్నా ఉండాల మేడం. చెట్లు గూడా."

సోమవారం రూబెన్ టైపు చేసిన కొత్త ప్రణాళికలో మొదటి నాలుగేళ్లలో ఒక్క దున్న కూడా లేదు. అన్నీ కుంటలు, గడ్డి, నీడచెట్లే. ముప్పై ఏళ్లు ముప్పై నాలుగయ్యాయి. దీనికి ఆధారమేమిటని పైనుంచి అడిగితే, 'క్షేత్ర పరీక్ష: నడివయసు మగ జీవి, ఒకటి' అని మేడం రాసిచ్చింది. వాళ్లు మారుమాట లేకుండా ఆమోదించారు.

మొదటి కుంటలో నీళ్లు నిలిచిన రోజు రూబెన్ చొక్కా, ప్యాంటుతో చూడడానికి పోయాడు. రామసుబ్బమ్మ మజ్జిగ చెంబు చేతికిచ్చింది.

"దున్నలు వచ్చేదానికి ఇంకా శానా రోజులంట గదా. అందాకా నువ్వే వస్తాపోతా ఉండప్పా."

రూబెన్ చెంబెడు మజ్జిగా తాగి, సరేనన్నాడు.