ఒకే తొట్టిలో ఇద్దరు

ఆల్చిప్పల మాంసం సన్నగా తరిగి, బకెట్‌లోకి తోసి, పిన్ని పెద్ద తొట్టి గట్టు మీద చతికిలబడింది. ఆ చేపల ప్రదర్శనశాలలో అందరికీ ఆవిడ పిన్నే. ఇంటికి వెళితే మాత్రం పిలిచే దిక్కు లేదు. చెయ్యి నీళ్లలో పెట్టగానే ఆడ టేకుచేప ఇసుక దులుపుకుని, చాటలా చదునైన ఒంటిని ఊపుకుంటూ పైకి వచ్చింది. మగది మామూలుగానే మూల వదల్లేదు.

"మీ ఆయనకి బిగువెక్కువే," అంది పిన్ని.

అది దాని మొగుడే కాదని ఈమధ్యే తేలింది. చూసేవాళ్లకి రెండూ ఒకటే: అదే గోధుమరంగు, అవే చుక్కలు. కానీ ఆడదానికి చుక్కలు రెక్కల అంచుదాకా పాకాయి, తోక మీద ముళ్లు ఒక్క వరసే. మగదానికి చుక్కలు వీపు మధ్యలోనే ఆగిపోయాయి, ముళ్లు గుబురుగా ఉన్నాయి. దగ్గరి చుట్టాలే తప్ప ఒక జాతి కాదు. సముద్రంలో అడుగంటిపోతున్న సంతతి కదా, పిల్లలు పుడతాయని ఆశపడి ఇన్నేళ్లూ కాపురం పెట్టించారు మహానుభావులు.

అందరూ నవ్వుకున్నారు. పిన్నికి నవ్వు రాలేదు. తన పెళ్లిలోనూ ఈడూ జోడూ కుదిరిందని బంధువులు మురిసిపోయారు. ఆయన చెడ్డవాడు కాదు, తనూ గయ్యాళి కాదు. ఒకే ఇంట్లో ఎవరి మూల వాళ్లు పట్టుకుని బతికారు. చివరికి ఆయన చడీచప్పుడు లేకుండా ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. తప్పెవరిదో ఆవిడకి ఇప్పటికీ తేలలేదు.

మధ్యాహ్నం ఆడదాన్ని తీసుకెళ్లడానికి లారీ వచ్చింది. వేరే ఊళ్లో ఆడదాని జాతి మగది దొరికిందట. చేపల డాక్టరమ్మ నీళ్లలోకి దిగి, పెద్ద గుడ్డ పరిచి పట్టుకుంది.

"వల వేస్తే ఒళ్లు చీరుకుపోతుంది పిన్నీ. నీ చేతికైతే వస్తుంది."

"నన్ను నమ్మి వస్తుందమ్మా. అదే కదా బాధ."

"అక్కడ దానికి తోడుంటుంది."

పిన్ని గట్టు మీంచి వంగి చెయ్యి నీళ్లలో పెట్టింది. ముళ్లు గుచ్చుకుంటాయని తొడిగించిన రబ్బరు చేతొడుగు చూసి చేప వెనక్కి తగ్గింది. పిన్ని తొడుగు ఊడబీకి గట్టు మీద పడేసి, వట్టి చెయ్యి చాపింది. చేప వెంటనే వచ్చి అరచేతికి మూతి ఆనించింది. డాక్టరమ్మ గుడ్డ పైకెత్తింది. తోక విసురుకి పిన్ని మణికట్టు గీరుకుపోయింది. ఆవిడ చెయ్యి తీసుకోలేదు.

లారీ వెళ్లిపోయాక, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని కరువుదీరా ఏడ్చింది.

చాలాసేపటికి మగది మూల వదిలింది. ఆడది పడుకునే చోట రెండు చుట్లు తిరిగి, అక్కడే ఇసుకకి అతుక్కుపోయింది.

"ఇప్పుడా నువ్వు వచ్చేది?" అంది పిన్ని.

దాని పక్కన, ఇందాకటి పెనుగులాటలో నీళ్లలోకి జారిన చేతొడుగు వేళ్లు తెరుచుకుని పడి ఉంది.