నా పేరుతో వస్తేనే చెప్పు

షోలాపూర్ దాజీ పేటలో మా చిన్నాయన వాళ్లది కింద కార్ఖానా, పైన రెండు గదులు. కింద ఆరు మగ్గాలు నడుస్తుంటే పైన గిన్నెలు వణికేవి. మా ఊళ్లో పదో తరగతి రాసి, 1997లో నేను ఆ ఇంటికి వచ్చాను. ఆ ఏడాదే ఇంటికి కంప్యూటర్ ఉత్తరాలు రావడం మొదలైంది.

అవి నేరుగా ఇంటికి వచ్చేవి కావు. చిన్నాయన కొడుకు పురుషోత్తం అన్న డిప్లొమా చదివాడు. మంగళవారం, శనివారం కుంఠా నాకా దగ్గరున్న కంప్యూటర్ క్లాసుకు సైకిల్ మీద వెళ్లి, వాటిని కాగితాల మీద అచ్చు వేయించుకొని తెచ్చేవాడు. అంచులకు వరసగా చిల్లులున్న పొడవాటి కాగితాలు. జవాబు తను గబగబా రాసేవాడు, నేను దాన్ని శుభ్రంగా ఎత్తి రాసేదాన్ని. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని, క్లాసులో టైపు చేసేవాళ్లు తప్పు పోరని అన్న ఆ పని నాకిచ్చాడు. చదివిన కాగితాలను తారీఖు ప్రకారం ఫైలులో పెట్టడం కూడా నా పనే. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. బడిలో బహుమతిగా వచ్చిన చిన్న నిఘంటువు ఒకటి ఉండేది.

ఆ ఉత్తరాలు రాసుకునేవాళ్లు నలభై మంది దాకా ఉన్నారు. బొంబాయి, కోయంబత్తూరు, పానిపట్టు, ఇంకా దూరాన బెల్జియం. ఒకరి మొహం ఒకరు చూసిన వాళ్లు కారు. బట్ట కావాలని అడిగే కాగితాన్ని ఒకరి కంప్యూటర్ నుంచి ఇంకొకరి కంప్యూటర్ తనంతట తనే చదువుకోవాలంటే అందులో ఏ గడి తర్వాత ఏ గడి ఉండాలో తేల్చుకోవడం వాళ్ల పని. వినడానికి చిన్న విషయం. దాని మీద ఏడు నెలలు తగువులాడుకున్నారు.

మాకు అది చిన్న విషయం కాదు. మా చద్దర్లు కొనే బొంబాయి కంపెనీ, ఏప్రిల్ నుంచి ఆ గడుల కాగితం మీద తప్ప ఆర్డరు పంపబోనని చెప్పింది.

మా చద్దరుకు రెండు ముఖాలు. ఒక వైపు ఎర్ర నేల మీద తెల్ల పువ్వు ఉంటే, తిప్పి చూస్తే తెల్ల నేల మీద ఎర్ర పువ్వు. కప్పుకునేవాళ్లకు ఏ వైపైనా ఒకటే. కాని హోటళ్ల వాళ్లు తమ పేరు నేయించుకుంటారు. పేరు ఒక వైపే సరిగా కనిపిస్తుంది, రెండో వైపు అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. అంతకు ముందటి ఏడాది ఒక ఆర్డరులో ఎరుపు, తెలుపు, పేరు అని మాత్రమే ఉంది. చిన్నాయన తెల్ల వైపున పేరు వచ్చేలా నేయించాడు. వాళ్లకు కావలసింది ఎర్ర వైపున. నాలుగు వందల చద్దర్లు లారీలో వెనక్కి వచ్చాయి. నేను వచ్చేనాటికి ఆ ఇంట్లో అందరూ ఆ హోటల్ పేరే కప్పుకొని పడుకుంటున్నారు.

అందుకే అన్న అడిగింది ఒక్క గడి. పై వైపు ఏదో చెప్పే గడి.

ఇంట్లో ఆ మనుషులను ఊరి పేర్లతోనే పిలిచేవాళ్లం. పానిపట్టు మంచిది. బెల్జియం ఎటూ తేల్చదు. కోయంబత్తూరుతోనే తగువు. టవలుకు పై వైపు, కింది వైపు ఉండవని, ఒక్క గడి పెంచితే అందరూ తమ ప్రోగ్రాములు మళ్లీ రాసుకోవాలని, ఒక ఊరి దుప్పటి అందరి నెత్తిన కప్పొద్దని కోయంబత్తూరు రాసింది. చద్దరు చేత పట్టనివాళ్లు దానికి ఎన్ని ముఖాలో చెప్పనక్కరలేదని అన్న రాశాడు. ఆ వాక్యం ఎత్తి రాస్తూ నాకు భయం వేసింది. తర్వాతి శనివారం, అరువు కంప్యూటర్ మీద రాసేవాళ్లు లోకానికి నియమాలు పెడతారా అని ఒకరు రాశారు. నలభై మందిలో ఎవరూ అది తప్పు అనలేదు. పానిపట్టు కూడా అనలేదు. అన్న ఆ కాగితం మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు.

చిన్నాయన సంగతంతా విన్నాడు.

"బస్, ఇగ రాయకు," అన్నాడు. "అలిగి కూసో. వాళ్లే వస్తరు."

"వాళ్లకు మన రివాజు తెలుస్తదా బాపూ?"

"రివాజేందిరా? ఒకడు అలిగి మాట బంద్ చేసిండంటే, ఎందుకని అడగనోడు మనిషేనా?"

మా కుల పంచాయితీలో చేతులెత్తడం లేదు. పెద్దమనిషి ఒక్కొక్కరి వైపు తిరిగి "నీ మాటేంది" అని మూడుసార్లు అడుగుతాడు. ఇష్టం లేనివాడు ఏమీ అనడు, గోడ వైపు తిరిగి కూర్చుంటాడు. అతను ఇటు తిరిగేదాకా పని అక్కడే ఆగిపోతుంది. మార్కండేయుని ఊరేగింపుకు మగ్గాలు ఎన్ని రోజులు ఆపాలనే దగ్గర ఒకసారి ముసలి నర్సప్ప అలా తిరిగి కూర్చుని, ఇంటికి వెళ్లి కూడా మాట్లాడలేదట. పదకొండు రోజులకు పెద్దలు ఆయన ఇంటికి వెళ్లి, చాయ్ తాగి, ఆయన చెప్పిన లెక్కకే ఒప్పుకున్నారట. ఆ కథ చిన్నాయన ఇంటికి వచ్చిన అందరికీ చెప్పేవాడు. నర్సప్ప ఆయనకు తాత.

అన్న రాయడం మానేశాడు. కాగితాలు తెచ్చేవాడు కాని చదివేవాడు కాదు. గోడ వైపు తిరిగినవాడు వెనక మాటలు వినకూడదు.

"నువ్వు చూస్తుండు వసంతా," అన్నాడు నాతో. "నా పేరుతో వస్తేనే చెప్పు. లేకుంటే ఫైల్ల పెట్టెయ్."

మూడు వారాలు చూశాను. ఆయన పేరు రాలేదు. ప్రతిసారీ చిన్నాయన కింది నుంచే తల పైకెత్తి చూసేవాడు, నేను తల అడ్డంగా ఊపేదాన్ని. బీడీలు చుట్టుకుంటూ చిన్నమ్మ బాలమణి మాత్రం ఊరుకునేది కాదు.

"చాయ్‌కి పాలు తెప్పియ్యాల్నా వద్దా? కోయంబత్తూర్ ఎన్నడొస్తదో చెప్తే ఒక గిలాస ఎక్కువ పెడత."

చిన్నాయన కూడా నవ్వాడు. ఆ ఇంట్లో ఆ విషయం మీద అందరం కలిసి నవ్వింది అదే ఆఖరు.

మార్చి పదో తేదీ మంగళవారం ఒక పొడవాటి ఉత్తరం వచ్చింది. ఈ పని నడిపించే బొంబాయి ఆయన రాసింది. పైన 'అందరికీ' అని ఉంది. అన్న పేరు ఎక్కడా లేదు. ఫైలులో పెట్టబోతుంటే చివరి వాక్యంలో నాకు తెలిసిన మాట ఒకటి కనిపించింది. సైలెన్స్. మా ఊరి బడిలో హెడ్మాస్టరు గది గోడ మీద ఎర్ర రంగుతో పెద్దగా రాసి ఉండేది. దాన్ని చూస్తూనే నేను పదేళ్లు చదువుకున్నాను. మిగతా మాటలు ఒక్కొక్కటే నిఘంటువులో వెతికి, నా డైరీలో తెలుగులో రాసుకున్నాను. ఇవి ఆఖరి గడులు. అభ్యంతరం ఉన్నవాళ్లు ఈ శనివారం లోపల రాయాలి. ఏమీ రాయనివాళ్ల మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటాము.

గడుల వరస నాలుగుసార్లు చూశాను. పై వైపు గడి అందులో లేదు.

నాకు సరిగా అర్థమైందో లేదో తెలియలేదు. ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టు ఎలా అవుతుంది? నిఘంటువులో ఇంకో అర్థం ఉందేమోనని చూశాను. తప్పు చెబితే అన్న నవ్వుతాడు. ఒప్పయితే, మూడు వారాల పంతం వదిలి తనే ముందు రాయాలి, ఆ పని నేను చేయించినట్టవుతుంది. పైగా అది అన్న పేరుతో రాలేదు.

బుధవారం ఆ కాగితం మడిచి చేతిలో పట్టుకొని కార్ఖానాలోకి వెళ్లాను. అన్న మూడో మగ్గం కింద కూర్చుని తెగిన దారాలు ముడి వేస్తున్నాడు. "అన్నా, ఈ కాగితం" అన్నాను. నా మాట నాకే వినపడలేదు. అన్న తలెత్తి, చెవి చూపించి, ఆగమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆగాను. ఇంతలో చిన్నాయన దగ్గరికి వచ్చి, వంగి, నా చెవి దగ్గర అడిగాడు.

"ఏంది పోరీ?"

"ఏం లేదు. చిన్నమ్మ చాయ్ తాగ రమ్మన్నది."

ఇద్దరూ చేతులు తుడుచుకొని పైకి వచ్చారు. చిన్నమ్మ ఒకసారి నా వైపు చూసి, పొయ్యి మీద గిన్నె పెట్టింది.

గురువారం, శుక్రవారం గడిచాయి. శనివారం అన్న కుంఠా నాకాకు వెళుతుంటే గుమ్మం దాకా వెళ్లాను. సైకిల్ గాలి చూసుకుంటూ, ఏమన్నా కావాలా అని అడిగాడు. వద్దన్నాను. ఆ సాయంత్రం తెచ్చిన కాగితాల్లోనూ ఆయన పేరు లేదు.

ఏప్రిల్ మొదటి వారంలో బొంబాయి కంపెనీ ఆర్డరు వచ్చింది. అన్నీ టవళ్లే. అన్న ఎస్టీడీ బూత్‌కు వెళ్లి ఫోన్ చేశాడు. అవతలి ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడట. మీ చద్దరు మంచిదే, కాని పేరు ఏ వైపో రాయడానికి కాగితంలో చోటు లేదు, గడి లేని సరుకును మా కంప్యూటర్ తీసుకోదు, అన్నాడట. మరి మీరు కూడా ఒప్పుకున్నారు కదా, అని కూడా అన్నాడట. అన్న కోపంగా, ఎవరు ఒప్పుకున్నారని అడిగి వచ్చాడు.

దానికి జవాబు మంగళవారం వచ్చింది. ఒప్పుకున్నవాళ్ల పేర్ల పట్టిక అది. ఇరవై ఏడో వరసలో పురుషోత్తం, షోలాపూర్ అని ఉంది.

ఆయన పేరుతో వచ్చింది కాబట్టి చెప్పాను.

అన్న ఫైలు కింద కుమ్మరించి ఒక్కొక్క కాగితం చదివాడు. మార్చి పదో తేదీది దొరికింది. ఆఖరి వాక్యం దగ్గర నేను పెన్సిలుతో గీత గీసుకొని ఉన్నాను. సన్నటి గీత. దాన్ని చూశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఇది నువ్వు చదివినవా వసంతా?"

చిన్నాయన అక్కడే ఉన్నాడు. మగ్గాలు ఆపి ఉన్నాయి, ఆ రోజు కరెంటు లేదు. ఏ మాట అన్నా వినపడేది. నేను నేల వైపు చూస్తూ నిలబడ్డాను.

"నీకు అర్థమైందా అని అడుగుతున్న."

నేను మాట్లాడలేదు. అన్న మూడోసారి అడగబోతుంటే చిన్నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇడువురా. పోరి ఏమన్నదని? నోరు తెరిసి అవునంటేనే అవును. మాట్లాడలేదంటే లేదన్నట్టే. మనమన్నా అట్ల లెక్క పెట్టొద్దు."

అన్న కాగితం కింద పెట్టాడు. చిన్నమ్మ తంబాకు చేట ముందు కూర్చుని నా వైపే చూస్తోంది. కార్ఖానాకు చాయ్ కబురు తను పంపలేదని ఆమెకు తెలుసు. ఆమె కూడా ఏమీ అనలేదు.

మే నెలలో మగ్గాల మీద నుంచి పువ్వులూ పేర్లూ నేసే సామాను విప్పేశారు. టవళ్లకు అది అక్కరలేదు. ఇనుము తూకానికి పోయింది. ఏ పువ్వు, ఏ పేరు ఎక్కడ పడాలో మగ్గానికి చెప్పే చిల్లుల అట్టలు మాత్రం కట్టలు కట్టలుగా మెట్ల కింద మిగిలాయి. పొద్దున నీళ్లు కాగబెట్టడానికి అవే వాడమంది చిన్నమ్మ. ఆ పని నాది. ఒక్కొక్క అట్టా తెంపి నీళ్లు కాగే బంబు కింద పెట్టేదాన్ని. అట్ట గట్టిది, వెంటనే అంటుకోదు. ముందు చిల్లుల్లోంచి వెలుగు కనిపించేది.

అన్న కుంఠా నాకాకు వెళ్లడం మానేశాడు. చిన్నాయన స్నానానికి వచ్చినప్పుడల్లా నా తల మీద చెయ్యి వేసి, "పాపం పోరి, దీనికేం తెలుసు" అనేవాడు. నేను ఇంకో అట్ట తెంపేదాన్ని.