పావురాయి రంగు చీర వెనకాల

నేను ఒక వెనక తెరను. నాటకాలకు కట్టే తెర అనుకునేరు. చీరాలలో ఒక చీరల కొట్టుకు వెబ్‌సైటు ఉంది. అందులో చీరల ఫొటోల వెనకాల పరుచుకుని ఉండే రంగును నేను. మీరు ఫోనులో చీర చూస్తున్నామనుకుంటారు. ముందు నన్నే చూస్తారు. నేను మీ మనసును నాకిష్టమైన వైపు కాస్త తిప్పాకే చీర మీ కంట పడుతుంది. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. ఆ గర్వం ఎలా దిగిందో కూడా చెబుతాను.

నన్ను పుట్టించింది యామిని. గుంటూరులో వెబ్‌సైట్లు తయారుచేయడం ఆమె ఉద్యోగం. కొట్టు యజమాని దామోదరం ఆమెకు బాబాయి. అన్న కూతురు ఏం చెప్పినా సరేనంటూ వచ్చిన ఆయన, నా రంగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పట్టు పట్టాడు.

"ఎరుపు పెట్టమ్మా. శుభం."

అలా నేను కుంకుమ ఎరుపులో కళ్ళు తెరిచాను. ఎరుపు చూస్తే మనుషులకు ఎక్కడలేని తొందర వస్తుందని మొదటి వారంలోనే తెలిసిపోయింది. నా మీద వేళ్ళు పరుగులు తీసేవి. ఒంగోలు నుంచి ఒకావిడ నాలుగు నిమిషాల్లో మూడు చీరలు కొని, ఐదో నిమిషంలో మూడూ వద్దనేసింది. మిగతావాళ్ళు ఏదో తగాదా మధ్యలోకి వచ్చినట్టు కనుబొమలు ముడిచి, వచ్చిన దారినే వెళ్ళిపోయేవారు.

యామిని నన్ను లేత నీలంలోకి మార్చింది. ఇక చూడండి హాయి. జనం భుజాలు దించి, నింపాదిగా చీర అంచు చూసేవారు, కొంగు చూసేవారు, మళ్ళీ అంచు చూసేవారు. చివరికి ఆవులించి ఫోను పక్కన పెట్టేసేవారు. నెల రోజులు ఇదే వరస.

"ఇది చీరల కొట్టా, నిద్రమాత్రల కొట్టా అమ్మాయ్?" అన్నాడు దామోదరం.

మూడోసారి నాకు మామిడిపండు పసుపు దక్కింది. అసలు నా దశ తిరిగింది అప్పుడే. పేజీ తెరవగానే పెళ్ళిపందిట్లోకి అడుగుపెట్టినట్టు మొహాలు విచ్చుకునేవి. అక్క చెల్లెలికి పంపేది, చెల్లెలు తోడికోడలికి పంపేది. "ఎందుకోనే, ఇది చూస్తుంటే మనసు బాగుంటది" అని ఒకావిడ పక్కింటావిడతో అనడం చెవులారా విన్నాను. ఎందుకో ఏమిటి, నా వల్లే. చీరలు తెగ అమ్ముడుపోయాయి. నా కాళ్ళు నేల మీద నిలవలేదు, నాకు కాళ్ళు లేకపోయినా.

అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైంది పావురాయి రంగు చీర. ఆ రంగు మాణిక్యమ్మది. కొట్టు వెనక వీధిలో ఆమె నూలుకు రంగులు అద్దుతుంది. దామోదరం తండ్రి కాలం నుంచీ ఈ కొట్టుకు నేసే మగ్గాలన్నిటికీ చిలపలు, అంటే నూలు కట్టలు, ఆమె రంగు గోలెంలో మునిగి లేవాల్సిందే. ఆమె చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉంటాయి. పావురం మెడ కింద ఉండే ఆ మెత్తని బూడిద రంగు కుదరడానికి ఆమె రెండు వానాకాలాలు తంటాలు పడింది.

ఆ చీరలే తిరిగి రావడం మొదలైంది. "ఫొటోలో వంగపువ్వు రంగు, పెట్టెలో బూడిద" అని ఒకరు రాశారు. "వెలిసిపోయిన చీర అంటగట్టారు" అని ఇంకొకరు. వారం తిరిగేసరికి కొట్టులో పదకొండు పెట్టెలు పేరుకున్నాయి. దామోదరం ఫోను చూశాడు, పెట్టెలు విప్పి చూశాడు. ఇంతమంది అబద్ధమాడరు కదా, పెద్దావిడకు చెయ్యి తప్పుతోందని తేల్చేశాడు. మిల్లులో అద్దిన నూలు తెప్పించుకుంటే ఈ గొడవ ఉండదని మాణిక్యమ్మకు కబురు కూడా పెట్టించాడు.

నాకు నిజం తెలుసు. మనిషి కన్ను ఒక చిత్రమైన పని చేస్తుంది. చుట్టూ పసుపు ఉంటే, మధ్యలోని బూడిద రంగు మీద పసుపుకు విరుద్ధమైన వంగపువ్వు ఛాయను తనే పులిమేస్తుంది. అందుకే ఆ చీర వంగపువ్వులా కనబడింది. జనాన్ని నవ్విస్తూ, మురిపిస్తూ, ఆ చీరకు లేని రంగు అంటించింది నేను. మాట పడుతున్నది ఆమె. చాలా బాధేసింది. నోరుంటే చెప్పేదాన్ని. సిగ్గుతో ఎర్రబడదామన్నా యామిని మార్చందే నాకు రంగు మారదు.

ఆదివారం పొద్దున మాణిక్యమ్మ భుజాన ఒక చిలప వేసుకుని కొట్టుకు వచ్చింది. యామిని కూడా గుంటూరు నుంచి వచ్చి ఉంది. నేను ఆమె ఫోనులో, ఆ చీర ఫొటో వెనకాల వెలుగుతున్నాను. దామోదరం పరుపు మీద తల దించుకుని కూర్చున్నాడు.

"పిన్నీ, వయసు మీద పడింది కదా. చేతికి కొలత అందట్లేదేమో. వచ్చే నెల నుంచి మిల్లు నూలే తెప్పిద్దామనుకుంటున్నా. నువ్వు విశ్రాంతి తీసుకో."

"తీసుకుంటాలే. ముందు నా తప్పేందో నన్ను చూడనియ్యి."

పరుపు మీద పరిచిన తెల్ల దుప్పటిపై ఆమె తన చిలప పెట్టింది. పక్కన తిరిగొచ్చిన చీర పెట్టింది. రెండూ ఒకటే రంగు. తర్వాత యామిని చేతిలోంచి ఫోను అందుకుని నా వైపు చూసింది. అంతసేపు నన్ను అంతకుముందు ఎవరూ చూడలేదు. నాకు భయమేసింది. ఆమె దుప్పటి అంచు లాగి, మడతపెట్టి, చీర ఒక్కటే కనబడేలా నన్ను నాలుగు వైపులా కప్పేసింది.

నాకంతా చీకటి. ఆ చీకట్లో దామోదరం గొంతు మాత్రం వినబడింది.

"ఇదేంటి. పావురాయి రంగే కదా."

ఆమె దుప్పటి తీసింది. చీర మళ్ళీ వంగపువ్వు అయింది. కప్పింది, తీసింది. మూడుసార్లు.

"మీ నాయన ఈ కొట్లో ఎప్పుడూ తెల్ల దుప్పటే ఎందుకు పరిపించేవాడో తెలుసా అబ్బాయ్?"

"శుభ్రంగా ఉంటదని."

"చీర రంగు చీరకే ఉండాలని. మీరేమో ఆ దుప్పటికి పసుపు పూసి, దాని మీద నా చీర పరిచారు."

దామోదరం చీర తీసుకుని గుమ్మం బయట ఎండలో నిలబడి చాలాసేపు చూశాడు. లోపలికి వచ్చినప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నీ చెయ్యి తప్పలేదు పిన్నీ. నేనే తప్పు మాట అన్నాను. మిల్లు నూలు ఊసు ఇక ఎత్తను."

"ఎత్తమాక" అందామె, చిలప మళ్ళీ భుజాన వేసుకుంటూ.

యామినికి మాత్రం నా మీద ఇంకా మమకారం పోలేదు. "పసుపు చూస్తే జనానికి సంతోషంగా ఉంటుంది మామ్మా. తీసేస్తే పేజీ బోసిపోతుందేమో."

"తీసెయ్యమని ఎవరన్నారు తల్లీ? పసుపు గడపకు రాస్తాం. ఇల్లంతా పూస్తామా?"

యామిని నవ్వి, అక్కడే కూర్చుని పని మొదలుపెట్టింది. నా పసుపు అంచుల నుంచి వెనక్కి పోతుంటే ఇక చచ్చానే అనుకున్నాను. పేజీ చివర 'కొంటాను' అనే చిన్న బటన్ దగ్గర ఆ పసుపు ఆగింది. మిగతా నేనంతా తెల్లగా మిగిలాను. నా పాత ఎరుపు, నీలం యామిని కంప్యూటరులో 'పాతవి' అనే ఫోల్డరులో పడి ఉన్నాయి. వాటిని ఎవరూ తెరవరు. నేనూ బెంగపడటం లేదు.

ఇప్పుడు నా వల్ల ఎవరికీ తొందర పుట్టదు, నిద్రా రాదు. పావురాయి రంగు చీరకు అప్పటంత గిరాకీ లేదు. కొన్నవాళ్ళు మాత్రం తిప్పి పంపడం లేదు.

మొన్న మాణిక్యమ్మ మళ్ళీ వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయని యామినినే ఫోను పట్టుకోమంది. ఆమెను గుమ్మం దాకా తీసుకెళ్ళి, వెలుతురులో ఫోను మీదికి వంగి చూసింది. "ఇదీ నా రంగు" అంది.

ఆమె కళ్ళు చీర మీదే ఉన్నాయి. ఒక్కసారి కూడా నా మీదికి రాలేదు. ఇన్నాళ్ళూ ఎంతోమంది నన్ను చూసి మురిశారు గానీ, ఆ పూట నాకు కలిగినంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.