తోమిన బిళ్ళ

చింతపండు పిప్పితో శేషయ్య ఇత్తడి గరాటాను గుండ్రంగా రుద్దుతున్నాడు. నంద్యాల కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో, దసరా సెలవులకు ముందుగానే జరుపుకొనే ఆయుధపూజ ఆనాడు. ఆ గరాటా, ఆ ఏడే మద్రాసు నుండి వచ్చిన, వేడిని కొలిచే యంత్రానిది. గరాటా అడుగున రూపాయంత బిళ్ళ నల్లగా మసిబారి ఉంది.

ఆళ్లగడ్డలో తండ్రి కొలిమి ఆరిపోయిన నాటినుండి శేషయ్య ఈ గదులు ఊడ్చి, గాజుసామాను కడిగి బతుకుతున్నాడు. రోజుకూలీగానే తల నెరిసింది. పూజనాడు పనిముట్టుపై మసి నిలువరాదని కొలిమిలోనే నేర్చాడు. అయినా బిళ్ళ దగ్గర చెయ్యి ఆగింది.

"సామీ, ఈ నలుపు గూడ తీసేయల్లనా?"

అధ్యాపకుడు చక్రపాణి పూలమాలలు సర్దుతూ తల తిప్పలేదు. "అదీ అడగల్లనా అప్పా? అంతా తళతళ మెరవల్ల. మధ్యాన్నం విశ్వవిద్యాలయం పెద్దలొస్తాండారు. వాళ్లు మెచ్చితే నీ కొలువు ఖాయం చేయిస్తా."

శేషయ్య తోమాడు. బిళ్ళ మెరిసింది. చక్రపాణి అరమోడ్పు కన్నులతో మంత్రం చదువుతూ, దానికి స్వయంగా కుంకుమ అద్దాడు.

మధ్యాహ్నం ఎర్రగా కాల్చిన ఇనుపగుండును యంత్రం ఎదుట నిలిపారు. గుండు చల్లారుతున్న కొద్దీ, కంటికి కనబడని పరారుణ కిరణాలను ఆ బిళ్ళ గ్రహించి, యంత్రం గోడమీద వేసే కాంతిచుక్కను క్షణక్షణం కదిలించాలి. చుక్క ఒకింత వణికి ఊరకుండిపోయింది.

వచ్చిన పెద్దమనిషి గరాటాలోకి తొంగిచూసి పకపక నవ్వాడు. "వేడిని పట్టేది మసే కదయ్యా, అదే దీనికి కన్ను! దాన్ని గీకేసి కుంకుమ కొట్టినారే!"

చక్రపాణి ముఖం పాలిపోయింది. శేషయ్య వైపు తిరిగాడు. "ఎవురు తోమినారు దీన్ని? ఎవురు చెప్పినారు నీకు?"

అహోబిలంలో పుట్టి వేదం వల్లించిన చక్రపాణి నోటికి అబద్ధం అడ్డుపడలేదు. శేషయ్యకు నిజం తెలుసు. చెప్పినా నమ్మేదెవరు?

"నేనే తోమినా సామీ."

"యాడ దాపురించినావురా నాకు! రేపట్నించి రావాకు."

సాయంత్రం బస్సు ఎక్కేటప్పుడే శేషయ్య రొమ్ము పట్టేసింది. కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు.

ఆళ్లగడ్డలో కండక్టరు భుజం తట్టాడు. "దిగప్పా, ఊరొచ్చె. ఏందీ, ఇంటికి పోతే పెండ్లాం కొడ్తాదనా?"

జనం నవ్వారు. శేషయ్య మెల్లగా పక్కకు ఒరిగాడు. నవ్వులు ఆగిపోయాయి.

నలుగురు కలిసి ఒళ్లు చల్లబడిన అతన్ని కిందికి దించారు. చాగలమర్రి వైపు కదిలిన బస్సులో, ఆ సీటు మీద, పూజలో పంచిన బొరుగుల పొట్లం దారపు ముడి విప్పకుండానే ఉంది.