గుమ్మంలో గులాబి నీళ్లు

నలభై రెండు రోజుల తర్వాత మా ఆయన క్రాంతి కుమార్ ఎదురుగా వచ్చి నిలబడితే, నేను ముందు చూసింది అతని కాళ్లను. పాపిష్టి ఉద్యోగం మరి!

బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డున రొయ్యపిల్లలను పుట్టించి పెంచే హేచరీలో పని నాది. బ్యాచ్ అమ్ముడయ్యేదాకా గేటు దాటకూడదు. అతను ఆ పిల్లలను చెరువులకు చేర్చే వ్యాన్ డ్రైవరు. వ్యాన్ మళ్లీ లోడయ్యేదాకా అరగంట తీరిక దొరికింది. గుమ్మంలో, కాళ్లకంటిన రోగాన్ని చంపే పర్మాంగనేట్ మందు కలిపిన నీళ్ల తొట్టి ఉంటుంది. అందులో పది నిమిషాలు నిలబడినవాళ్లనే లోపలికి రానిస్తాం. ఆ తొట్టి బాధ్యత నాదే.

"ఏమే అబీ, చిక్కిపోయినావే!" అంటూ చెప్పులు విడిచి తొట్టిలో దిగాడు.

గులాబి రంగు నీళ్లు చూస్తుండగానే గోధుమ రంగుకు తిరిగాయి. అతని వేళ్ల సందుల్లో చెరువు బురద. మందు రోగాన్ని చంపకముందే బురదకే ఖర్చయిపోతుంది.

"బయటికి రా బావా. మందు చచ్చిపోయింది."

"ఇంకాస్త ఎయ్యి. ఎవురు చూసినారు?"

ఆశకొద్దీ వేశాను. అదీ గోధుమ రంగే అయింది. నా వెనక తొట్లలో లక్షల పిల్లలున్నాయి. పోయిన ఏడు తెల్లమచ్చ రోగం అప్పటి పిల్లలన్నిటినీ వారంలో ఊడ్చిపెట్టింది. మనసు చంపుకుని బ్రష్షూ బకెట్ నీళ్లూ అటు తోశాను. ఆ కాళ్లు నేనే కడగాలని ఎంత అనిపించిందో! ముట్టుకుంటే నేనూ లోపలికి పనికిరాను.

అతను బురద వదిలేదాకా రుద్దుకున్నాడు. నేను తొట్టి కడిగి కొత్త మందు కలిపాను. ఈసారి రంగు నిలిచింది.

"పది నిమిషాలు. కదలబాక."

చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడ్డాం. గడియారం చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను.

"బావా, నిన్ను పట్టుకుని ఏడవాలనుందయ్యా."

"ఇంకా రెండు నిమిషాలే గదా. ఏడుద్దువులే."

అప్పుడే, లోడయిందని క్లీనరు వ్యాన్ హారన్ మోగించాడు. సంచుల్లో కట్టిన పిల్లలు ఎండకు ఆగవు. అతను నా వైపే చూస్తూ, వచ్చిన వైపే కాలు తీశాడు.

నాలుగు రోజులకు ఫోన్ చేశాడు.

"పాదాల మీద ఆ మందు మరక ఇంకా పోలేదే."

"సబ్బేసి రుద్దకపోయినావా?"

"రుద్దేదానికి మనసు రాలా," అన్నాడు.